సీ వరుసలో పదకొండో కుర్చీ

నూట ఇరవై మంది చూశారు. నూట ఇరవై మందీ రాశారు. పోయిన వారం మనం ఆమెను వదిలి వచ్చేసరికి ఆ కార్డులన్నీ మూడు రేకు ట్రేలలో ఆమె బల్ల మీద ఉన్నాయి. దర్శకుడు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, "మొదలుపెట్టమ్మా, తిట్లు దాచకు" అన్నాడు.

ఆ ఆఫీసులో ఆమె పని అదే. విడుదలకు ముందు సినిమాను కొంతమందికి ఊరికే వేసి చూపిస్తారు. చూసినవాళ్ళు తమకేమనిపించిందో ఓ కార్డు మీద రాసిచ్చి వెళ్తారు. బాగుందన్నవి, బాగాలేదన్నవి, ఏమన్నారో అంతుపట్టనివి అని వాటిని మూడు భాగాలు చేసి, చదివి వినిపించి, టైపు చేసి పెట్టడం ఆమె వంతు. అందుకే అందరూ కార్డులక్క అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని, ఈవిడ పేకాట మనిషి కాబోలనుకుని ఒకటి రెండు రోజులు జంకుతారు కూడా.

కార్డు పైన "పేరు రాయనక్కర్లేదు, నిర్భయంగా రాయండి" అని అచ్చువేసి ఉంటుంది. ఆ మాట నమ్మి జనం నిర్భయంగానే రాస్తారు. కానీ కార్డులను కుర్చీల క్రమం తప్పకుండా పోగుచేసి, వెనక మూలన సన్నటి పెన్సిలుతో కుర్చీ నంబరు వేసి ఉంచడం ఆ ఆఫీసు పద్ధతి. ఏ మూలనున్నవాళ్ళు నవ్వారో, ఏ మూలనున్నవాళ్ళకు మాటలు వినబడలేదో తెలియడానికని ఎప్పుడో మొదలుపెట్టారు. ఏ కుర్చీ పాసు ఎవరికి వెళ్ళిందో రాసిన పుస్తకం ఆమె సొరుగులో ఉంటుంది. ఈ సంగతి చూసేవాళ్ళకు తెలియదు. ఇంట్లోవాళ్ళకు కూడా ఆమె ఏనాడూ చెప్పలేదు.

సినిమా యుద్ధం గురించి. ఉత్త యుద్ధమే అయితే ఇంత గొడవ లేదు. నేల కింద గదిలో దాక్కున్న నలుగురు సైనికుల దగ్గరికి, చచ్చిపోయిన తోటివాడి గొంతుతో ఏదో వచ్చి ఇనుప తలుపు తడుతుంది. తీస్తే చస్తారు. తీయకపోతే ఆ పిలుపు ఆగదు. సగం యుద్ధం, సగం దెయ్యం. విడుదలకింకా మూడు వారాలుంది. ఈ రెండు సగాలూ అతుక్కున్నాయా లేదా అన్నది ఆ కార్డులే చెప్పాలి.

ఆమె మొదటిది తీసింది.

"'బాంబులు పడుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయాను. నిశ్శబ్దం కాగానే మెలకువ వచ్చింది. ఇంటికెళ్ళాక మాత్రం కన్ను మూతపడలేదు.'"

"ఇది తిట్టా, పొగడ్తా?" దర్శకుడు కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"తెలియకే మూడో ట్రేలో వేశానండీ."

"కానీ."

"'యుద్ధమైనా తీయండి, దెయ్యమైనా తీయండి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మమ్మల్ని నీళ్ళలో ముంచకండి.'"

కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్న కత్తెర మామయ్య కిసుక్కున నవ్వాడు. సినిమాను కోసి అతికించే ఎడిటర్ ఆయన. నలభై ఏళ్ళ నుంచీ అదే పని. వయసుకు మర్యాదగా అందరికీ మామయ్య.

"నేను మొదటి రోజే చెప్పలా?" అన్నాడు.

"మీరు ప్రతి సినిమాకీ మొదటి రోజే ఏదో ఒకటి చెబుతారు మామయ్యా. కానీమ్మా."

"'దెయ్యం పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి. యుద్ధంలో పళ్ళు తోముకునే తీరిక ఎక్కడిది?' ఇంకొకటండీ... 'మా ఆవిడ పన్నెండేళ్ళ తర్వాత భయంతో నా చెయ్యి పట్టుకుంది. మీ మేలు మరవను.'"

"దాన్ని పోస్టరు మీద వేయించండి," అన్నాడు మామయ్య.

దర్శకుడు కూడా నవ్వాడు. ఆమె తరువాతిది అందుకుంది. "'నేను యుద్ధంలో నర్సుగా చేశాను. చచ్చిపోయేవాళ్ళు ఇంత పెద్దగా మాట్లాడరు.'"

దానికి ఎవరూ నవ్వలేదు. ఆమె ఆ కార్డును బోర్లించి, కింద ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుంది.

మిగతావాళ్ళంతా ఆఫీసు ఇచ్చిన పెన్నుతో రాస్తే, ఈ కార్డు మాత్రం లావుపాటి పెన్సిలుతో రాసి ఉంది. రెండు వైపులా ఇరికించి ఇరికించి రాశారు. అంత లావు గీతలో ఎక్కడో చూసిన పోలిక ఉన్నట్టనిపించింది కానీ, ఆగి ఆలోచించే వ్యవధి లేదు. చదవడం మొదలుపెట్టింది.

"'తలుపు తట్టే సీను తప్పు. మీ దెయ్యం గట్టిగా కొట్టింది. దెబ్బ తగిలినవాడు అంత గట్టిగా కొట్టలేడు. అరచేత్తో కొడతాడు. కాసేపయ్యాక గోళ్ళతో గీరతాడు. రెండుసార్లు, ఆగి, ఒకసారి. అది మేం ముందే అనుకున్న గుర్తు. దెయ్యానికి ఆ గుర్తు ఎవరు చెబుతారు?'"

దర్శకుడు కళ్ళు తెరిచాడు.

"'నేను వంద దాకా లెక్కపెట్టాను. తర్వాత మానేశాను. అతను ఆపాడని కాదు. మీ సినిమాలో లోపలున్నవాళ్ళు నిజంగానే దెయ్యమనుకుని తలుపు తీయలేదు. మేం అనుకోలేదు. అనుకున్నట్టు ఒకరి ముందు ఒకరం నటించాం. మా నాయకుడు అది దెయ్యంరా అన్నాడు. అందరం ఔనన్నాం. బయట తుపాకీ గుళ్ళు పడుతున్నాయి, తలుపు తీస్తే మేమూ పోతాం, అదీ మా భయం. హాల్లో అందరూ మీ దెయ్యాన్ని చూసి వణికారు. నాకు మాత్రం ప్రాణం తెరిపిన పడింది. దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేది.'"

మామయ్య స్టూలు మీద నుంచి లేచాడు. ఆమె కార్డు తిప్పింది.

"'ఇంకో తప్పు. మీవాడు అమ్మా అని అరిచాడు. అతను అమ్మను పిలవలేదు. చెల్లెల్ని పిలిచాడు. అసలు పేరుతో కాదు, తను పెట్టుకున్న ముద్దుపేరుతో...'"

ఆమె గొంతు అక్కడ ఆగిపోయింది.

కార్డు మీద తరువాతి మాట "ఉడతా" అని ఉంది.

ఎనిమిదేళ్ళ వయసులో ఆమె పెన్సిలు ముక్కలన్నీ ఏరుకొచ్చి దిండు గలీబులో దాచేది. ఒకరోజు దిండు చిరిగి అన్నయ్య నెత్తిన ముప్ఫై ఏడు ముక్కలు రాలాయి. ఆ రోజు నుంచి అన్నయ్యకు ఆమె ఉడత. అమ్మ కూడా ఆ పేరుతో పిలవదు. అన్నయ్య యుద్ధంలో పోయి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో ఆ పేరు ఆమె చెవిన పడలేదు. ఇప్పుడు కంట పడింది.

"ఆగావేం?" అన్నాడు దర్శకుడు.

"పెన్సిలు చెరిగిందండీ. అక్షరాలు తెలియడం లేదు."

చెరగలేదు. ప్రతి అక్షరమూ మేకు దిగేసినట్టు స్పష్టంగా ఉంది. "ఉడతా, తలుపు తియ్యమని వీళ్ళకి చెప్పవే." ఆ వాక్యాన్ని ఆమె కళ్ళతో చదివి మింగేసింది.

దర్శకుడు లేచి వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. మొహం వెలిగిపోతోంది.

"ఈ మనిషి నాకు కావాలి. ఇంతమంది నూట ఇరవై రకాలుగా మొత్తుకుంటోంది ఇందుకే. దెయ్యం ఉండగానే సరిపోదు, ఆ దెయ్యాన్ని ఎవరు పుట్టించారో చూపించాలి. చివరి రీలు మళ్ళీ తీస్తాను. అతని నోటితో అతనే చెప్పాలి. మొదట్లోనే వేస్తాను, ఇది జరిగిన కథ అని. ఏ కుర్చీ?"

ఆమె కార్డు మూల చూసింది. సీ, పదకొండు. అది ఎవరిదో పుస్తకం చూడకపోయినా తెలుసు, ఎందుకంటే ఆ పాసు తను స్వయంగా ఇచ్చింది. ఆఫీసువాళ్ళ బంధువులకు పాసులు ఇవ్వకూడదని రూలు. మిగిలిన ఒక్క పాసునూ పైవాటాలో ఉండే రిటైరైన మాష్టారికిమ్మని అమ్మ చేతికిచ్చి, పుస్తకంలో అలాగే రాసింది. దర్శకుడు సొరుగు లాగి పుస్తకం తనే తిరగేశాడు.

"పైవాటా మాష్టారు. అంటే మీ ఇంటి పైనా? ఇంకేం! సాయంత్రం ఆరింటికి నేనే వస్తాను. నువ్వేం చెప్పకు, బెదిరిపోతాడు."

"కార్డు... టైపు చేసి తెస్తానండీ," అంది ఆమె. అని, దాన్ని బ్యాగులో వేసుకుంది. అలా కార్డు బయటికి తీసుకుపోవడం ఆమె తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అదే మొదలు.

మెట్ల దగ్గర కత్తెర మామయ్య వెనకే వచ్చాడు.

"అమ్మాయ్. అక్షరాలు చెరిగితే మనిషి మొహం తెల్లబడదు. ఎవరు రాశారో నీకు తెలుసా?"

"తెలియదు మామయ్యా."

"తెలియకపోతే మరీ మంచిది. తెలుసుకోకు." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ కుర్ర దర్శకుడు చెడ్డవాడు కాదు. కానీ సినిమా అంటే ఒళ్ళు మరిచిపోతాడు. ఇంకొకళ్ళ గాయం కనబడితే అందులో లైటు పెట్టి చూస్తాడు."

*

ఇంటికి పదిహేను నిమిషాల నడక. ఆ పదిహేను నిమిషాలూ ఆమె ఒక్క మాటనే పట్టుకుని వేలాడింది. మాష్టారు. మాష్టారు కూడా యుద్ధానికి వెళ్ళి ఉండొచ్చుగా. అన్నయ్యతో పాటు ఆ గదిలో ఉండి ఉండొచ్చుగా. ఇన్నేళ్ళూ చెప్పకుండా దాచి ఉండొచ్చుగా. మాష్టారికి కుడి కాలు చిన్నప్పటి నుంచీ పొట్టి అని, ఆయన్ని ఏ సైన్యమూ తీసుకోదని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ మాటే పట్టుకుంది. ఎందుకంటే మాష్టారు కాకపోతే మిగిలే రెండో మాట అంత లావుపాటి పెన్సిలుతో రాసి ఉంది.

అది వడ్రంగి పెన్సిలు. బల్లపరుపుగా, ఎర్రగా ఉంటుంది. ఇంట్లో రోజూ పొద్దున్నే భర్త కోసం దాన్ని చాకుతో చెక్కేది ఆమే.

వాళ్ళ ఇంటికొక వింత ఉంది. ఏ తలుపుకీ లోపల గడియ లేదు. వీధి తలుపుకి బయట తాళం కప్ప మాత్రం ఉంది, ఊరెళ్తే వేసుకోవడానికి. గదులకు లేవు, వంటింటికి లేదు, ఆఖరికి స్నానాల గదికి కూడా పరదాయే. పెళ్ళయిన వారానికే ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని ఒక్కొక్కటే ఊడదీశాడు. "మూసిన గదిలో నాకు ఊపిరాడదు" అన్నాడు. ఊరందరికీ తలుపులు చేసిపెట్టేవాడు తన ఇంటికి గడియ పెట్టుకోలేదని చుట్టాలు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. తొమ్మిదేళ్ళు నవ్వింది.

అమ్మ ముందుగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పక్కన స్టూలు మీద అన్నయ్య చేతిగడియారం ఉంది. యుద్ధమయ్యాక ఆ గడియారాన్ని, అన్నయ్య ఇనప్పెట్టెను తెచ్చి అమ్మ ముందు పెట్టింది ఆయనే. అప్పటికి ఈ ఇంటికి అల్లుడు కాడు, కొడుకు స్నేహితుడు. "గుండు పడిందమ్మా. కన్నుమూసి తెరిచేలోగా అయిపోయింది. వాడికి నొప్పి కూడా తెలియలేదు" అన్నాడు. అమ్మ ఆ మూడు మాటలూ పట్టుకునే బతికింది. గడియారం తుడిచినప్పుడల్లా అంటుంది. ఇవాళ కూడా అంది.

"ఇది తుడిచినప్పుడల్లా అనుకుంటానే, ఎంత అదృష్టవంతుడో. నొప్పి తెలియకుండా పోయాడు. ఏం, ఇంత తొందరగా వచ్చావు? తలనొప్పా?"

"అమ్మా, మాష్టారికి సినిమా నచ్చిందటా?"

"ఏ సినిమా?" అమ్మ దుప్పటి అంచులు కలిపింది. "ఓ, అదా. ఆయనెక్కడ వెళ్ళాడే, ఆ రోజు జ్వరంతో మూలుగుతుంటే! పాసు పాడైపోతుందని మీ ఆయన వెళ్ళాడు. నీకు చెప్పొద్దన్నాడు, మీ ఆఫీసులో ఏదో రూలుందటగా, నువ్వు కంగారుపడతావని. నేను చెప్పానని అనకు."

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది.

"తిరిగొచ్చాక ఏమన్నా అన్నారా?"

"ఏమంటాడు? అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇంట్లో తలుపులన్నీ ఒకసారి తీసి చూసుకున్నాడు. తీసే ఉన్నాయి కదా నాయనా అంటే, 'ఊరికేనమ్మా' అన్నాడు." అమ్మ దుప్పటి పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూసింది. "ఏమైందే?"

"ఏంలేదు. ఆయన షెడ్డులో ఉన్నారా?"

"ఉండక ఎక్కడికి పోతాడు? పద, ఇద్దరికీ టీ పెట్టి పట్టుకొస్తాను."

"వద్దమ్మా."

"వద్దంటే ఏమిటే, నీ మొహం చూడు, పీక్కుపోయి!"

ఆమె ఇంకేం అనకుండా పెరట్లోకి నడిచింది. ఆ ఒక్క మాట దగ్గర ఇంకాస్త గట్టిగా వద్దని ఉంటే ఏమయ్యేదో. తరువాత చాలాసార్లు అనుకుంది.

*

షెడ్డులో ఆయన ఒక కొత్త తలుపు రెక్కను బల్ల మీద పడుకోబెట్టి చిత్రిక పడుతున్నాడు. చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా కింద పడుతోంది. చెవి మీద ఎర్ర పెన్సిలు. ఆమెను చూసి నవ్వాడు.

"సెలవిచ్చారా?"

ఆమె బ్యాగులో నుంచి కార్డు తీసి తలుపు రెక్క మీద, ఆయన రెండు చేతుల మధ్యా పెట్టింది.

ఆయన దాన్ని తాకలేదు. చిత్రిక మాత్రం ఆగింది.

"పేరు రాయనక్కర్లేదన్నారు," అన్నాడు.

"కుర్చీ నంబరు వేస్తాం. మీకు చెప్పలేదు."

"ఓహో." తల పంకించాడు, ఏదో కొలత తప్పిందని తెలిసినప్పుడు పంకించినట్టు. "చీకట్లో కూర్చున్నాను కదా, ఎవరికీ తెలియదనుకున్నాను. పదకొండేళ్ళయింది, ఒక్కసారి ఎక్కడో ఒకచోట రాసి పారేద్దామనుకున్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ళెవరో చదువుకుంటారనుకున్నాను. నువ్వు చదువుతావని తెలుసు. నాదని తెలుస్తుందనుకోలేదు."

"ఉడత అని రాసి?"

ఆయన చేతి కింది చెక్కపొట్టును పక్కకి తోశాడు.

"ఏమండీ. ఆ పేరు రాసి, నాకు తెలియదనుకున్నారా?"

"నువ్వు ఉడతవని నాకెవరు చెప్పారు?" అన్నాడు మెల్లగా. "మీ ఇంట్లో ఆ పేరు ఎవరూ అనగా నేను వినలేదు. నేను విన్నది వాడి నోటివెంట, ఆ ఒక్క రాత్రే. ఎవరో చిన్న పిల్లనుకున్నాను, ఇంకో చెల్లెలుందేమోననుకున్నాను. మీ ఇంటికొచ్చి చూస్తే నువ్వొక్కదానివే. నీకే పెట్టిన పేరేమోనని అనిపించినా, అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే ఎక్కడ విన్నావంటావు."

ఆమె చెక్కముక్కల గుట్ట మీదే కూలబడింది. తొమ్మిదేళ్ళు ఈ మనిషి పక్కన పడుకుంది. ఈ చేతులతో చేసిన మంచం. ఈయన అర్ధరాత్రి లేచి తలుపులు తీసి చూసుకుంటుంటే, దాహం కాబోలని నీళ్ళ చెంబు అందించింది. భయం అనేది బయట నుంచి వస్తుందని ఇన్నాళ్ళూ అనుకుంది. అది తన ఇంట్లోనే తిని, తన ఇంట్లోనే నిద్రపోతోంది.

"నేను చదవని వాక్యం ఒకటుంది," అంది. "వాళ్ళ ముందు చదవలేకపోయాను. ఇప్పుడు చదువుతాను, వినండి."

"వద్దు."

"'ఉడతా, తలుపు తియ్యమని వీళ్ళకి చెప్పవే.'"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"తెగిన టెలిఫోను తీగ కట్టడానికి పంపారు వాణ్ణి," అన్నాడు. "నేను వెళ్ళాల్సింది. నాకు కాలు బెణికిందని వాడు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దెబ్బ తగిలింది. అరచేత్తో రెండుసార్లు కొట్టాడు, ఆగి, ఒకసారి. మా నాయకుడు దెయ్యం అన్నాడు. అంతకు రెండు రోజుల ముందు పక్కనున్న నేలగదిలోవాళ్ళు ఇలాగే ఎవరికో తలుపు తీసి చచ్చిపోయారని ఓ పుకారు. దాన్ని పట్టుకున్నాం. మీ దర్శకుడికి ఎవరు చెప్పారో గానీ, ఆ పుకారునే సినిమాగా తీశాడు. వంద దాకా లెక్కపెట్టాను నేను. వంద తర్వాత..."

"గడియ దగ్గర ఎవరున్నారు?"

"నలుగురం ఉన్నాం."

"నేనడిగింది గడియ దగ్గర ఎవరని."

ఆయన తన కుడిచేతిని, అదేదో అరువు తెచ్చుకున్న పనిముట్టులా, పైకెత్తి చూసుకున్నాడు.

"నేనే," అన్నాడు. "గడియ మీద చెయ్యి నాదే. తీయాలని పెట్టానో, ఎవరూ తీయకుండా పెట్టానో నాకే తెలియదు. నిజంగా తెలియదు. పదకొండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను దీన్ని."

ఆమె తనకు ఏడుపొస్తుందనుకుంది. ఏడుపు రాలేదు. నోట్లో రంపంపొట్టు రుచి.

"అమ్మకి తెలియకూడదు," అంది. "ఏం జరిగినా సరే. నొప్పి తెలియలేదన్న ఒక్క మాట మీద బతుకుతోంది ఆవిడ. ఆ మాట తీసేస్తే ఏం మిగులుతుంది? ఆరింటికి దర్శకుడు వస్తాడు మాష్టారి కోసం. ఏదో ఒకటి చెప్పి పంపేస్తాను. కార్డు చింపేస్తాను. మీరు మాత్రం నోరు మెదపొద్దు. విన్నారా? నేనేం చేయాలో తర్వాత చూసుకుంటాను. ముందు అమ్మకి తెలియకూడదు."

"ఇంకొకటుంది," అన్నాడు ఆయన.

"ఇంకేముంది?"

"కార్డులో చోటు చాలలేదు. చాలినా రాసేవాణ్ణి కాదేమో. తెల్లారాక కాల్పులు ఆగాయి. తలుపు తీశాం. తీసేసరికి వాడు..."

ఇంట్లో నుంచి శబ్దం వచ్చింది. ఇనుము, గచ్చు నేల మీద ఈడ్చుకుపోతున్న శబ్దం. పళ్ళు జివ్వుమనేలా కీచుమని సాగి, ఆగి, మళ్ళీ సాగింది.

ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు. షెడ్డు తలుపు ఎప్పటిలా సగం తెరిచే ఉంది. ఆ ఇంట్లో మూసిన తలుపంటూ ఏదీ లేదు మరి. గడప మీద రెండు టీ గ్లాసులు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఒక్క చుక్క కూడా తొణకలేదు. వాటి మీద ఆవిరి అప్పటికే పోయింది.

*

ఆమె ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. పెరడు, వంటిల్లు, ముందుగది. మడతపెట్టిన బట్టలు అలాగే ఉన్నాయి. స్టూలు మీద గడియారం లేదు. గోడ గడియారంలో ఆరుకు పావు తక్కువ.

అమ్మ గది తలుపు మూసి ఉంది.

తొమ్మిదేళ్ళలో ఆ తలుపు మూసి ఉండగా ఆమె చూడలేదు. మూసి ఉంటే అదంత పెద్దగా ఉంటుందని కూడా తెలియదు. రెండు చేతులతో నెట్టింది. అంగుళం కదిలి, దేనికో తగిలి ఆగిపోయింది. అదేమిటో ఆమెకు తెలుసు. మంచం కింద ఉండే అన్నయ్య ఇనప్పెట్టె. ఇద్దరు మగాళ్ళు పట్టుకుంటే గానీ కదలనిదాన్ని డెబ్భై ఏళ్ళ మనిషి ఎలా ఈడ్చిందో.

"అమ్మా!"

భుజం ఆనించి మళ్ళీ నెట్టింది.

"అమ్మా, తలుపు తియ్యి! అమ్మా!"

ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె తిరిగి ఆయన భుజం పట్టుకుని కుదిపేసింది. "చూస్తారేం? తలుపు మీరే చేశారుగా, ఊడదీయండి!"

"మడతబందులు లోపలి వైపున్నాయి," అన్నాడు ఆయన. గొంతు తనది కానట్టుంది. తలుపుకు రెండడుగుల దూరంలో పాతేసినట్టు నిలబడ్డాడు. తట్టడానికి చెయ్యెత్తాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆమె ఆ సందులో నోరు పెట్టి పిలిచింది. "అమ్మా, నేనే. నీకేమన్నా అయితే నేనేమైపోవాలి? తలుపు తియ్యవే..."

ఆ మాట బయటికొచ్చాక గానీ అది ఎవరి మాటో ఆమెకు తట్టలేదు. తట్టగానే నోరు మూసుకుంది.

అప్పుడు లోపల నుంచి అమ్మ మాట్లాడింది. చెక్కకు పెదాలు ఆనించి మాట్లాడుతున్నంత దగ్గరగా. ఏడుపు లేదు, కోపం లేదు. బట్టలు మడతపెట్టుకుంటూ మాట్లాడే గొంతే.

"నువ్వు పక్కకి జరుగు తల్లీ. నాయనా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా," అన్నాడు ఆయన.

"వాడెలా కొట్టాడో అలా కొట్టు. అరచేత్తో. రెండు, ఆగి, ఒకటి. నేను లోపల కూర్చుని వింటాను. ఆ రాత్రి నేను లేను కదా, వినలేదు. నువ్వు వంద దగ్గర లెక్క మానేశావటగా. నేను మానను."

"అమ్మా..."

"కొట్టు నాయనా. ఎప్పుడు తీయాలో నేను చూసుకుంటాను."

ఆమె భర్త వైపు చూసింది. వద్దని తల ఊపింది. ఆయన ఆమెను చూడటం లేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ముందుకు వెళ్ళి, తను చేసిన తలుపు మీద, తన కుడి అరచెయ్యి ఆనించాడు.

రెండు. ఆగి, ఒకటి.

లోపల, పెట్టె మీద గోరుతో గీత గీసిన చప్పుడైంది.

"ఒకటి," అంది అమ్మ.